కాంట్రా డాన్స్ కాలర్: మైకు పట్టుకోకముందే జరిగే పని

అమెరికాలో ఎదురెదురు వరసల్లో నిలబడి అందరూ కలిసి చేసే నృత్యం కాంట్రా డాన్స్. దానికి మొదటిసారి వెళ్లినవాళ్లకి కాలర్ పని చాలా సులువుగా కనిపిస్తుంది. బ్యాండ్ పక్కన నిలబడి, తర్వాత ఏం చేయాలో మైకులో చెబుతూ పోవడమే కదా అనుకుంటారు. నిజానికి గొంతుతో చేసేది ఆ పనిలో పావు వంతే. ఆ సాయంత్రం ఏ డాన్సులు చేయించాలి, దేని తర్వాత ఏది రావాలి, డాన్సు రాసుకున్న ఏ కార్డుని సంచీలోంచి బయటికే తీయకూడదు అన్నవి ఇంటి దగ్గరే సగం తేలిపోతాయి. మిగతా సగం హాల్లో మొదటి పది నిమిషాలు జనం కాళ్లు చూశాక తేలుతుంది. గొంతు ఎంత గంభీరంగా ఉన్నా ఎంపిక బెడిసికొడితే వరసలు చెల్లాచెదురవుతాయి. గొంతు అంతంతమాత్రమే అయినా ఎంపిక కుదిరితే కొత్తవాళ్లు పై వారం మళ్లీ వస్తారు.

ఈ డాన్సు మూలాలు ఇంగ్లండ్‌లో ఉన్నాయి. 1651లో లండన్‌లో జాన్ ప్లేఫర్డ్ అక్కడి డాన్సుల్ని, వాటి బాణీల్ని పుస్తకంగా అచ్చువేశాడు. ఆ సంప్రదాయం వలసవాసులతో పాటు అమెరికా చేరి, నగరాల్లో ఫ్యాషన్ మారిపోయినా న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ లాంటి న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల పల్లెల్లో మిగిలింది. 20వ శతాబ్దంలో దాన్ని నిలబెట్టిన కాలర్లలో న్యూ హాంప్‌షైర్‌కి చెందిన రాల్ఫ్ పేజ్ పేరు ముందు చెప్పుకుంటారు. తర్వాతి తరంలో డడ్లీ లాఫ్‌మన్ దాన్ని కుర్రకారు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇప్పుడు అమెరికాలో చాలా ఊళ్లలో వారానికో నెలకో ఒకసారి టౌన్ హాల్లోనో చర్చి హాల్లోనో కాంట్రా డాన్స్ జరుగుతుంది. వాషింగ్టన్ దగ్గర గ్లెన్ ఎకో పార్కులో 1933 నాటి స్పానిష్ బాల్‌రూమ్ లాంటి పెద్ద హాళ్లూ ఉన్నాయి. జంటగానే వెళ్లాలన్న నియమం లేదు, ప్రత్యేకమైన దుస్తులూ అక్కర్లేదు. ఆ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు ఒక శుక్రవారం సాయంత్రం సరదాగా వెళ్లి చూడొచ్చు. మెత్తటి అడుగున్న బూట్లు వేసుకెళ్తే నిర్వాహకులు సంతోషిస్తారు.

ఎంపిక సంగతి అర్థం కావాలంటే డాన్సు ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. హాలు పొడవునా రెండు వరసలు ఎదురెదురుగా నిలబడతాయి. పార్ట్‌నర్ సాధారణంగా ఎదుటి వరసలో ఉంటారు. బ్యాండ్ ఉన్న వైపు నుంచి రెండేసి జంటలు చేతులు కలిపి నలుగురి గుంపు అవుతాయి. ఒక జంటని ఒకట్లు అంటారు, రెండో జంటని రెళ్లు అంటారు. అవతలి జంటలో మనతో డాన్సు చేసే మనిషి మన నైబర్. ఈ నలుగురూ 64 బీట్ల పాటు కొన్ని ఫిగర్లు, అంటే పేరున్న కదలికలు, చేస్తారు. అది అయ్యేసరికి ఒకట్లు ఒక మెట్టు కిందికి (బ్యాండ్‌కి దూరంగా), రెళ్లు ఒక మెట్టు పైకి (బ్యాండ్ వైపు) జరిగి ఉంటాయి. కొత్త నైబర్‌తో అదే డాన్సు మళ్లీ మొదలు. వరస చివరికి చేరిన జంట ఒక రౌండ్ ఆగి, ఒకట్లయితే రెళ్లుగా, రెళ్లయితే ఒకట్లుగా మారి తిరిగి లోపలికి వస్తుంది.

బాణీ కూడా అదే కొలతలో ఉంటుంది. ఎ భాగం రెండుసార్లు (ఎ1, ఎ2), బి భాగం రెండుసార్లు (బి1, బి2), ఒక్కొక్కటి 16 బీట్లు, మొత్తం 64. నిమిషానికి 116 బీట్ల వేగంలో ఒక రౌండ్ దాదాపు 33 సెకన్లు. అలాంటివి పదిహేను రౌండ్లు నడిపితే ఎనిమిది నిమిషాలు దాటుతుంది.

మన కోలాటంలో గురువు ఈల వేస్తే కోపు మారిపోతుంది. జనం తడబడుతున్నారనిపిస్తే తేలికైన కోపుకి దించేయొచ్చు. కాంట్రా కాలర్‌కి ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ మారేది మనుషులే, ఫిగర్లు కావు. ఒక డాన్సు మొదలుపెట్టాక అది మంచిదైనా చెడ్డదైనా ఎనిమిది నిమిషాలు దాన్ని మోయాల్సిందే. అందుకే ఎంపికకి అంత విలువ.

కష్టం అతుకుల్లో ఉంటుంది

కొత్త కాలర్లు డాన్సు కష్టాన్ని ఫిగర్ల పేర్లని బట్టి అంచనా వేస్తారు. హే (నలుగురూ ఒకరినొకరు దాటుతూ జడలా అల్లుకుపోయే ఫిగర్) ఉంటే కష్టం, సర్కిల్ (చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం) ఉంటే సులువు అనుకుంటారు. అది సగమే నిజం. డాన్సర్లు ఫిగర్ మధ్యలో తప్పిపోవడం తక్కువ. ఒక ఫిగర్ ముగిసి ఇంకోటి మొదలయ్యే అతుకు దగ్గరే ఎక్కువగా తప్పిపోతారు. ఎవరి చెయ్యి వదలాలి, ఎటు తిరగాలి, తర్వాత ఎవర్ని చూడాలి అన్న మూడు ప్రశ్నలకీ ఒకే బీట్‌లో జవాబు దొరకాలి. ఆ జవాబుని ఒళ్లే చెప్పేలా ఉంటే డాన్సు సులువు. బుర్ర పెట్టి ఆలోచించాల్సి వస్తే, చూడటానికి ఎంత సాదాగా ఉన్నా అది కష్టమే.

దీనికి మంచి ఉదాహరణ జీన్ హ్యూబర్ట్ కూర్చిన ది నైస్ కాంబినేషన్. కాలర్లు నేర్చుకునే తొలి డాన్సుల్లో ఇదొకటి అనొచ్చు. ఎ1లో నైబర్‌తో బ్యాలెన్స్ (చేతులు పట్టుకుని ముందుకీ వెనక్కీ అడుగెయ్యడం), స్వింగ్ (ఇద్దరూ పట్టుకుని ఉన్నచోటే గిరగిరా తిరగడం). ఎ2లో నలుగురూ ఒక వరసగా చేతులు పట్టుకుని హాలు కిందికి నడిచి, జంటలుగా తిరిగి, వెనక్కి వచ్చి, వరసని వంచి గుండ్రంగా చేస్తారు. బి1లో ఎడమకి ముప్పావు వంతు సర్కిల్, తర్వాత పార్ట్‌నర్‌తో స్వింగ్. బి2లో రాబిన్స్ చెయిన్ (జంటలో కుడివైపు ఉండే మనిషి రాబిన్, ఎడమవైపు ఉండే మనిషి లార్క్), ఎడమచేతి స్టార్ (నలుగురూ ఎడమచేతులు మధ్యలో కలిపి చుట్టూ తిరగడం). అక్కడి నుంచి కొత్త నైబర్ దగ్గరికి.

ఇందులో తిరుగుడు దిశ చూడాలి. ఎడమకి సర్కిల్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, స్వింగ్ కూడా అదే దిశ. కాబట్టి సర్కిల్ ఊపు స్వింగ్‌లోకి దానంతటదే పారుతుంది. చెయిన్‌లో ఇద్దరు రాబిన్లు కుడిచేతులు అందుకుని అవతలికి దాటాక, అక్కడి లార్క్ వాళ్లని పక్కన పెట్టుకుని గడియారానికి ఎదురు దిశలో తిప్పుతారు. ఎడమచేతి స్టార్ కూడా ఎదురు దిశే. అదీ కుదిరింది. స్టార్ ఊపు మీద నేరుగా స్వింగ్‌లోకి వెళ్లాల్సి వస్తే మాత్రం దిశ తిరగబడి ఒళ్లు మొరాయిస్తుంది. అక్కడ నాలుగు బీట్ల బ్యాలెన్స్ ఉంది. అది పాత ఊపుని ఆపేసి కొత్త ఊపుకి తయారు చేస్తుంది. డాన్సు కూర్చినవాడి పనితనం ఇలాంటి చోటే తెలుస్తుంది.

ఇక చిక్కు ఎక్కడుంది? రెండు చోట్ల ఉంది. మొదటిది హాలు కింద తిరిగే దగ్గర. జంటలుగా తిరగాలి, అంటే పక్కనున్న నైబర్‌తో కలిసి ఒక ముక్కలా తిరగాలి. కొత్తవాళ్లు చేతులు వదిలేసి ఎవరికి వాళ్లు తిరిగేస్తారు. అలా తిరిగినా ఏమీ కూలిపోదు. వరస పైకి వస్తుంది, సర్కిల్ తిరుగుతుంది, పార్ట్‌నర్ కూడా దొరుకుతారు. కాకపోతే హాలుకి రెండోవైపున దొరుకుతారు. అక్కడ ఎవరూ గమనించరు, హాయిగా స్వింగ్ చేస్తారు. స్టార్ అయ్యాక ముందుకు చూస్తే కొత్త నైబర్ బదులు పాత నైబర్ ఎదురవుతారు. తప్పు జరిగింది ఎ2లో, బయటపడింది బి2 చివర్లో. వేదిక మీంచి చూసే కాలర్ స్టార్‌ని సరిచేయబోతే లాభం లేదు. వాక్‌త్రూలోనే, అంటే బాణీ మొదలుకాకముందు నడిచి నేర్చుకునేటప్పుడే, "నైబర్ చెయ్యి వదలకుండా ఇద్దరూ కలిసి తిరగండి" అని ఒక్క మాట గట్టిగా చెప్పి ఉండాల్సింది.

రెండో చిక్కు స్టార్ నుంచి బయటపడటం. స్టార్ బాగుంటే కొత్తవాళ్లు ఇంకో చుట్టు కూడా తిరిగేస్తారు. "చెయ్యి వదిలి, కొత్త నైబర్ కళ్లు వెతకండి" అని మొదటి నాలుగైదు రౌండ్లు వరసగా గుర్తు చేయాలి.

మిగతా డాన్సంతా మన్నించే గుణం ఉన్నదే. ఎ1లో బ్యాలెన్స్‌కి నాలుగు పోగా స్వింగ్‌కి పన్నెండు బీట్లున్నాయి, ఆలస్యంగా వచ్చినవాళ్లు అందులో కలిసిపోతారు. ఎ2లో నడక తప్ప ఏమీ లేదు, ఊపిరి పీల్చుకోవచ్చు. ఇలా దారి తప్పినవాళ్లు మళ్లీ దొరికే చోట్లు ఎన్ని ఉన్నాయన్నదే డాన్సుని కొత్తవాళ్లకి ఇవ్వొచ్చా లేదా అనేది తేలుస్తుంది. ఫిగర్ల సంఖ్యకంటే ఇది నమ్మదగ్గ కొలత.

పాత డాన్సుల పేచీ

ఎంపికలో తరచూ చర్చకొచ్చే ఇంకో విషయం సమానత్వం. ఇక్కడ ఆ మాటకి అర్థం చాలా సాదా: ఒక రౌండ్‌లో నలుగురికీ దాదాపు ఒకే పని ఉందా లేదా అని. పాత సంప్రదాయ డాన్సుల్లో అలా ఉండదు. కోరస్ జిగ్‌నే చూడండి. ఒకట్లు వరస బయటి నుంచి కిందికి వెళ్లి వస్తారు, తర్వాత మధ్యలోంచి కిందికి వెళ్లి వచ్చి రెళ్లని చుట్టి ఒక మెట్టు కిందికి దిగుతారు. ఆపైన కాంట్రా కార్నర్స్: పార్ట్‌నర్‌కి కుడిచెయ్యి, ఒక మూల మనిషికి ఎడమచెయ్యి, మళ్లీ పార్ట్‌నర్‌కి కుడిచెయ్యి, రెండో మూల మనిషికి ఎడమచెయ్యి, అంతా 16 బీట్లలో. చివరి 16 బీట్లు ఒకట్లకి బ్యాలెన్స్, స్వింగ్. ఇంతసేపూ రెళ్లు చేసేది చెయ్యి అందించడమే. మిగతా టైమ్ నిలబడి చూడటమే.

పూర్వం దాన్నెవరూ లోటుగా తీసుకోలేదు. నిలబడ్డవాళ్లు కబుర్లు చెప్పుకునేవాళ్లు. 1970ల నుంచి వచ్చిన జనానికి మాత్రం ఎప్పుడూ కదులుతూ ఉండాలి, ప్రతి రౌండ్‌లో పార్ట్‌నర్‌తో స్వింగ్ ఉండాలి. టెడ్ సానెల్లా, జీన్ హ్యూబర్ట్ లాంటివాళ్లు కూర్చిన కొత్త డాన్సులు ఆ కోరికకి సరిపోయాయి. హెర్బీ గోడ్రో కూర్చిన బెకెట్ రీల్ నుంచి పార్ట్‌నర్లు ఒకే వైపు పక్కపక్కన నిలబడి మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. దాన్ని ఇప్పటికీ బెకెట్ అనే పిలుస్తారు. ఈరోజు సగటు సాయంత్రంలో దాదాపు అన్నీ సమానమైన డాన్సులే.

పాతవి వదిలేయాలని దీనర్థం కాదు. కోరస్ జిగ్‌లో ఉన్న రుచి కొత్త డాన్సుల్లో తక్కువ. మూల మనిషి సరిగ్గా ఆ బీట్‌కి చెయ్యి చాస్తే కలిగే సంతోషం వేరు. కానీ దాన్ని ఎంచినప్పుడు కాలర్ వరస పొడవు లెక్కపెట్టాలి. వరసలో పన్నెండు జంటలున్నాయనుకుందాం. అడుగున రెళ్లుగా మొదలైన జంట పైకి చేరి ఒకట్లు కావడానికి పది రౌండ్ల పైనే పడుతుంది. ఎనిమిది రౌండ్లకే ఆపేస్తే ఆ జంట సాయంత్రమంతా గుర్తుపెట్టుకుంటుంది, మంచి కారణంతో కాదు. అందుకని ఇలాంటి డాన్సుకి వరసలు చిన్నవి చేయాలి, లేదంటే ఎక్కువసేపు నడపాలి. సమానమైన డాన్సులో ఈ బెంగ ఉండదు. తొమ్మిది రౌండ్లకి ఆపినా పద్నాలుగుకి ఆపినా ఎవరికీ అన్యాయం జరగదు. కొత్త డాన్సులు కాలర్‌కి ఇచ్చిన పెద్ద సౌకర్యం ఇది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

సాయంత్రం మొత్తం ఒక లెక్క

మూడు గంటల కార్యక్రమంలో ఎన్ని డాన్సులు పడతాయి? ఒక్కోదానికి ఎనిమిది నిమిషాల డాన్సు, దానికి ముందు పార్ట్‌నర్‌ని వెతుక్కోవడం, వరసలు కట్టడం, వాక్‌త్రూ కలిపి నాలుగు నిమిషాలు. మధ్యలో విరామం, విరామానికి ముందొక వాల్ట్జ్ (జంట నృత్యం), ఆఖర్న ఒక వాల్ట్జ్ తీసేస్తే మిగిలే దాంట్లో పన్నెండు పడితే గొప్ప. వాక్‌త్రూ రెండు నిమిషాలు పెరిగిన ప్రతిసారీ ఆ లెక్కలోంచి కోత పడుతుంది. నాలుగు డాన్సులకి అలా పెరిగితే ఒక డాన్సుకి పట్టే టైమ్ దాదాపు పోయినట్టే. వివరంగా నేర్పే కాలర్లు మంచివాళ్లే కానీ, జనం వచ్చింది పాఠం వినడానికి కాదు.

ఈ పన్నెండూ విడివిడి డాన్సులుగా ఎంచితే చిక్కే. అవి మెట్లలా ఉండాలి. తొమ్మిదిన్నరకి నిండు హే చేయించాలని కాలర్ అనుకుంటే దానికి పునాది ఏడున్నరకే పడాలి. రెండో డాన్సులో చెయిన్ పరిచయం చేయాలి. నాలుగో డాన్సులో అదే చెయిన్ వేరే చోట రావాలి, ఈసారి నేర్పకుండా. ఐదోదాంట్లో సగం హే, రాబిన్లు కుడి భుజాలతో దాటుతూ మొదలయ్యేది. నిండు హే వచ్చినప్పుడు కూడా అదే కుడి భుజంతో మొదలైతే కొత్తవాళ్లకి సగం ముందే తెలుసు. ఎడమ భుజంతో మొదలయ్యే హే ఎంత అందంగా ఉన్నా ఆ రాత్రికి పక్కన పెట్టాలి. ఒక డాన్సులో కొత్త విషయం ఒకటి మించకూడదు అన్నది కాలర్లలో బాగా పాతుకుపోయిన సూత్రం. దాన్ని మీరినవాళ్లు తెలివైన కాలర్లే అయినా హాలు వాళ్ల వెంట రాదు.

ఇంకో జబ్బు ఒకే రకం డాన్సులు వరసగా రావడం. కార్డు మీద పేర్లు వేరు కాబట్టి కాలర్‌కి తెలియదు, డాన్సర్ల కాళ్లకి తెలుస్తుంది. నాలుగు డాన్సులూ నైబర్ బ్యాలెన్స్, స్వింగ్‌తో మొదలై, నాలుగూ ముప్పావు సర్కిల్ మీదుగా పార్ట్‌నర్ స్వింగ్‌కి వెళ్తే జనానికి ఒకే డాన్సు నాలుగుసార్లు చేసినట్టే. దీన్ని పట్టుకోవడానికి చాలామంది కాలర్లు గళ్ల కాగితం వాడతారు. నిలువు గళ్లలో ఫిగర్లు, అడ్డంగా డాన్సులు, ఉన్నచోట టిక్. ఒక గడి నిలువునా నిండిపోయి కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి మార్చాలి. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లోనూ చేస్తున్నారు కానీ, పెన్సిల్‌తో టిక్ పెడుతున్నప్పుడు పట్టుబడే సంగతులు తెర మీద జారిపోతాయి.

కష్టమైన డాన్సు ఎప్పుడు? మొదటి సగం చివర్లోనో రెండో సగం మొదట్లోనో. అప్పటికి ఒళ్లు వేడెక్కి ఉంటుంది, బుర్ర ఇంకా పనిచేస్తుంటుంది. పది దాటాక కష్టమైంది పెడితే పాతవాళ్లు కూడా తడబడతారు. ఆగస్టు ఉక్కలో ఫ్యాన్లు మాత్రమే ఉన్న హాలైతే ఆ హద్దు ఇంకా ముందుకి జరుగుతుంది. అలాంటి రోజు రౌండ్‌కి రెండు పొడవాటి స్వింగ్‌లున్న డాన్సుల్ని వరసగా పెట్టడం జనాన్ని హింసించడమే.

ఎంత ప్లాన్ చేసినా ఎనిమిదింపావుకి పదిహేనుమంది కాలేజీ పిల్లలు ఒకేసారి తలుపు తోసుకుని వస్తారు. వాళ్లలో ఒక్కరు కూడా అంతకుముందు జరిగిన కొత్తవాళ్ల క్లాసుకి రాలేదు. అనుభవమున్న కాలర్ జేబులో అందుకే ఇంకో కట్ట ఉంటుంది: ప్రతి స్థానానికీ ఒక తేలిక డాన్సు, ఒక గట్టి డాన్సు. ఏది తీయాలో అప్పుడు నడుస్తున్న డాన్సే చెబుతుంది. చూడాల్సింది స్వింగ్ ముగింపు. స్వింగ్ ఆగేసరికి లార్క్ ఎడమవైపు, రాబిన్ కుడివైపు ఉండాలి. సగంమంది తారుమారుగా నిలబడుతున్నారంటే తర్వాతి డాన్సులో చెయిన్ పెట్టడం కోరి కష్టాలు తెచ్చుకోవడమే, ఎందుకంటే చెయిన్ అంతా ఆ కుడిఎడమల మీదే నిలబడింది. పెట్రొనెల్లా మలుపు లాంటిదైతే ఎవరు ఎటున్నా నలుగురూ ఒక్కో స్థానం కుడికి జరుగుతారు, పెద్దగా నష్టం ఉండదు.

మాట ఎప్పుడు పడాలి

కాల్ చేయడంలో మొదటి నియమం ముందు చెప్పడం. ఫిగర్ మొదలయ్యే బీట్‌కి చెబితే డాన్సర్లు అప్పటికే ఆలస్యమయ్యారు. పాత ఫిగర్ ఆఖరి మూడు నాలుగు బీట్లలో మాట పూర్తయిపోవాలి. అంటే కాలర్ నోరు హాలు కంటే నాలుగు బీట్లు ముందు నడుస్తూ ఉంటుంది, కళ్లు మాత్రం హాలుతోనే ఉంటాయి. ఈ రెండింటినీ విడదీయడం అలవాటయ్యేదాకా కొత్త కాలర్లు డాన్సు చూడటం మొదలుపెట్టి మాట మర్చిపోతారు, లేదా కార్డులోకి చూస్తూ హాలుని మర్చిపోతారు.

మాటల క్రమమూ ముఖ్యమే. ముందు ఎవరు, తర్వాత ఏం. "నైబర్, బ్యాలెన్స్ అండ్ స్వింగ్" అంటే మొదటి మాటకే మనిషి తల తిరుగుతుంది. స్వింగ్ అనే మాట ముందు పడితే ఎవరితో అని వెతుక్కోవడంలో రెండు బీట్లు పోతాయి. రౌండ్లు గడిచేకొద్దీ మాటలు తగ్గాలి. మూడో రౌండ్‌కి "నైబర్, స్వింగ్", ఆరో రౌండ్‌కి "స్వింగ్" ఒక్కటే, ఆ తర్వాత మౌనం. అసలు జనం వచ్చింది ఫిడేలు వినడానికి. చివరిదాకా అన్ని మాటలూ చెప్పే కాలర్ సాయం చేస్తున్నాననుకుంటాడు కానీ, డాన్సర్లు బాణీ వినడం మానేసి మైకు వినడం మొదలుపెడతారు. అయితే మౌనంలోకి వెళ్లాక కూడా వరస చివర్లు చూస్తూ ఉండాలి. ఒక రౌండ్ ఆగి లోపలికి వచ్చే జంట తికమకపడితే, వాళ్ల కోసం ఒక్క మాట.

వరస ఒకచోట విరిగితే కాలర్ చెప్పాల్సింది ఎక్కడ నిలబడాలన్నది. ఏం తప్పు చేశారన్నది అప్పుడు ఎవరికీ అక్కర్లేదు. "పార్ట్‌నర్‌ని పట్టుకోండి, ఒకట్లు కిందికి చూడండి, కొత్త నైబర్" అంటే పది సెకన్లలో అతుక్కుంటుంది. బ్యాండ్‌ని ఆపడం ఆఖరి మందు. సాయంత్రంలో ఒకసారి ఆపితే జనం నవ్వుకుంటారు. రెండోసారి ఆపాల్సి వచ్చిందంటే తప్పు డాన్సర్లది కాదు, కార్డుది.

బ్యాండ్‌తో ఒప్పందం కూడా ఎంపికలో భాగమే. ఫిడేలు "నాలుగు బంగాళదుంపలు" అని ముద్దుగా పిలిచే చిన్న ఎత్తుగడ వాయించగానే డాన్సు మొదలవుతుంది. అంతకుముందే కాలర్ వాళ్లకి చెప్పాలి: ఎ1 మొదట్లో, బి1 మొదట్లో బ్యాలెన్సులున్నాయి, అక్కడ దరువు పడాలి. పెట్రొనెల్లా ఉన్న డాన్సుకి తాళం కొట్టొచ్చినట్టుండే రీల్ బాణీ కావాలి. నిండు హే ఉన్న డాన్సుకి ఎక్కడా తెగకుండా సాగే బాణీ కావాలి, అక్కడ దరువులు పడితే కాళ్లు అనవసరంగా ఆగుతాయి. ఈ సంగతి చెప్పకుండా మంచి డాన్సుని కాలర్లే పాడుచేసుకుంటుంటారు.

పాత్రల పేర్లు మారాక కార్డులూ మారాయి. జెంట్స్, లేడీస్ అనే చోట చాలా బృందాలు ఇప్పుడు లార్క్స్, రాబిన్స్ అంటున్నాయి. ఎవరు ఏ పాత్ర చేసినా ఫర్వాలేదు అనేది దాని వెనకున్న ఆలోచన. జిప్సీ అనే ఫిగర్ పేరు రోమా ప్రజలని కించపరుస్తుందని చాలాచోట్ల దాన్ని రైట్ షోల్డర్ రౌండ్ అంటున్నారు. ఇష్టపడనివాళ్లూ ఉన్నారు. కాలర్‌కి ఇందులో వచ్చే అసలు ఇబ్బంది లయది: పాత పేరు రెండు అక్షరాల్లో అయిపోయేది, కొత్తది నాలుగు అక్షరాలు. మాట ఒక బీట్ ముందే ఎత్తుకోవాలి. పాత కార్డుల్ని ఇంట్లో పైకి చదివి అలవాటు చేసుకోకుండా వేదికెక్కితే నోరు పాత పేరుకే పోతుంది.

అందరూ కొత్తవాళ్లే అయితే

పెళ్లి విందుకో స్కూల్ పండగకో కాలర్‌ని పిలిస్తే లెక్క మొత్తం మారిపోతుంది. అక్కడ డాన్సు నేర్చుకోవాలని వచ్చినవాళ్లు ఉండరు. ఏడేళ్ల పిల్లలూ, డెబ్భై ఏళ్ల తాతలూ, గ్లాసు చేత్తో పట్టుకున్న పెళ్లికొడుకు స్నేహితులూ ఉంటారు. అలాంటి చోట కాంట్రా పెట్టకపోవడమే మంచి కాలర్ లక్షణం. నలుగురి గుంపు, ఒకట్లు, రెళ్లు, చివర్లో ఆగడం అనే పద్ధతి వివరించేలోపే సగంమంది బార్ వైపు వెళ్లిపోతారు. అక్కడికి పనికొచ్చేవి పెద్ద గుండ్రటి డాన్సులు, వర్జీనియా రీల్ లాంటి మొత్తం వరస డాన్సులు. జంటకి జంట ఎదురుగా హాలు చుట్టూ నిలబడే సిసిలియన్ సర్కిల్ కూడా నడుస్తుంది. అందులో ముందుకి దాటితే కొత్త జంట వస్తుంది, చివర్లు అనేవే ఉండవు కాబట్టి తికమక తక్కువ. స్వింగ్ బదులు మోచేతులు కలిపి తిరగడం చాలు. చెయిన్ అసలే వద్దు.

వారం వారం జరిగే డాన్సుకి అలవాటుపడ్డ కాలర్లకి ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. కానీ అక్కడ మొదటిసారి చేతులు పట్టుకుని నవ్వినవాళ్లలోంచే కొందరు తర్వాత శుక్రవారం డాన్సుకి వస్తారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనవి వారాంతపు ఉత్సవాలు. అక్కడ అందరికీ అన్నీ వచ్చు. వాక్‌త్రూ లేకుండానే మొదలుపెట్టొచ్చు, ఆపకుండా మూడు డాన్సులు కలిపి ఒక మాలగా నడపొచ్చు. అయినా అక్కడ పాతుకుపోయే పొరపాటు ఒకటుంది: కాలర్ జనానికి నచ్చేది మానేసి, తోటి కాలర్లు మెచ్చుకునే చిక్కు డాన్సులు తీయడం.

ఆఖరి స్థానంలో ఏం పెట్టాలన్నది చాలా కార్యక్రమాల్లో తేలికగా తీసుకునే విషయం. వాల్ట్జ్‌కి ముందు వచ్చే ఆ డాన్సుకి వాక్‌త్రూ ఒక్కసారికి మించి ఉండకూడదు. ఫిగర్లన్నీ ఆ సాయంత్రం అప్పటికే చేసినవై ఉండాలి. పార్ట్‌నర్ స్వింగ్ బి2లో పడితే మరీ మంచిది, ఎందుకంటే ఆఖరి రౌండ్ అయిపోయేసరికి అందరూ తమ పార్ట్‌నర్ చేతుల్లోనే ఉంటారు. బి2లో స్టార్ ఉన్న ది నైస్ కాంబినేషన్ లాంటి డాన్సుని ఆఖర్న పెడితే మాత్రం, బ్యాండ్ ఆగిన క్షణంలో పార్ట్‌నర్ పక్కన లేక జనం అటూ ఇటూ చూస్తారు. ఆఖరి రౌండ్‌లో బి2 మొత్తాన్నీ పార్ట్‌నర్ స్వింగ్‌గా మార్చేసే కాలర్లూ ఉన్నారు. ముందుగా చెబితే అది బాగానే పండుతుంది.

ఇంటికెళ్లాక చేయాల్సిన పని ఇంకోటి మిగిలి ఉంటుంది. చేయించిన ప్రతి డాన్సు కార్డు వెనక తేదీ, ఊరు, ఎన్ని వరసలు, ఎన్నిసార్లు వాక్‌త్రూ, ఏ అతుకు దగ్గర విరిగింది, ఏ మాట చెప్పాక సర్దుకుంది అని నాలుగు ముక్కలు రాసుకోవాలి. డాన్సు బాగుంది, బాగాలేదు అని రాస్తే ఆరు నెలల తర్వాత దానివల్ల ఉపయోగం ఉండదు. "ఎ2లో జంటలుగా తిరగమని రెండుసార్లు చెప్పాలి" అని రాసుంటే ఉంటుంది.